ఆపిన చోటు

బాన్సువాడలోని ఆ కాలేజీ ల్యాబులో కాగితం మీద ఇరవై రెండు కంప్యూటర్లున్నాయి. బల్లల మీద పనిచేసేవి పదకొండు. మిగతా పదకొండూ ముసుగు తన్ని ఎన్నాళ్ల నుంచో నిద్రపోతున్నాయి, వాటిని లేపే నాథుడు లేడు. డిప్లొమా చివరి ఏడాది పిల్లలు మాత్రం సరిగ్గా ఇరవై రెండు మంది. ల్యాబు చూసుకునే పండరి సార్ దీనికోసం బుర్ర బద్దలు కొట్టుకోలేదు. కంప్యూటర్‌కు ఇద్దరిని కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఏడో నంబరు కంప్యూటర్ ప్రేమలతకూ సింధుజకూ వచ్చింది. ప్రేమలత పిట్లం దగ్గరి తండా నుంచి బస్సులో వస్తుంది. సింధుజ వాళ్లది పక్క ఊరే. వరీ చెరకూ పండించే ఇల్లు, పొద్దున్నే తండ్రి బండి మీద దింపిపోతాడు. మూడేళ్లుగా ఇద్దరికీ ఒకటే బల్ల, ఒకటే కీబోర్డు.

ఆ కంప్యూటర్లు ఎంత ముసలివంటే, ఒకరు బయటికొచ్చి ఇంకొకరు తమ పేరుతో లోపలికి వెళ్లాలంటే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. అందుకని పండరి సార్ ఒక ఉపాయం నేర్పాడు. పొద్దున ఒక్కసారే తెరిచి, ఇద్దరూ అందులోనే పని చేసుకోవాలి. వంతు అయిపోయినవాళ్లు తాము రాస్తున్న ప్రోగ్రాం మూయరు. ఎస్కేప్ కొట్టి, కంట్రోల్, జెడ్ కలిపి నొక్కుతారు. రాస్తున్న పేజీ తెర మీంచి తప్పుకుంటుంది కానీ పోదు. ఉన్నదున్నట్టు లోపల ఆగి ఉంటుంది. ఖాళీ అయిన తెర మీద రెండోవాళ్లు తమ పేజీ తెరుచుకుంటారు. మళ్లీ వంతు వచ్చినప్పుడు ఎఫ్, జి అని కొట్టి పక్కన తమ నంబరు వేస్తే, ఆపిన చోటు నుంచే తమ పేజీ లేచి వస్తుంది. ప్రేమలతది ఒకటో నంబరు, సింధుజది రెండో నంబరు.

క్లాసు వరకైతే ఈ ఉపాయానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఇవాళ జరుగుతున్నది చివరి ప్రాక్టికల్ పరీక్ష. పరీక్షలో ఎవరి లాగిన్ వాళ్లకుండాలి, ఒకరు పూర్తిగా మూశాకే ఇంకొకరు తెరవాలి. అది రూలు. నిజామాబాద్ నుంచి పరీక్ష పెట్టడానికి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన నాగేశ్వరమ్మ మేడం పొద్దున్నే ఆ సంగతి అడిగింది. "అట్లనే చేస్తున్నం మేడం," అన్నాడు పండరి సార్. మోసం చేద్దామని కాదు, నిజం చెప్పడానికి గుండె చాలక.

ఏప్రిల్ ఎండకు ఫ్యాన్లు వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతున్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి వంతులు కూడా రెండు ముక్కలు చేశారు. ముందు ప్రేమలత ముప్పై అయిదు నిమిషాలు, తర్వాత సింధుజ అంతే, మళ్లీ ప్రేమలత, మళ్లీ సింధుజ. కరెంటు పోతే ఇద్దరికీ సమానంగా పోతుందని పండరి సార్ న్యాయం. వంతు లేనివాళ్లు వెనక బల్ల దగ్గర కూర్చొని కాగితం మీద జవాబు రాయాలి.

ప్రశ్న అందరికీ ఒకటే. విద్యార్థుల మార్కులు తీసుకొని, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చే ప్రోగ్రాం. ప్రేమలతకు అది మంచినీళ్ల ప్రాయం. మొదటి వంతులో మార్కులు తీసుకోవడం పూర్తి చేసి, పేర్చే పని మొదలుపెట్టి, పదిహేడో లైను దగ్గర ఆపి లేచింది.

ఈ పరీక్ష గట్టెక్కితే ఆమెకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా సీటు వస్తుంది. ఎంట్రెన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుంది. డిప్లొమా చేతికి రావడమే తరువాయి. తల్లి హీరాబాయికి ఆ ర్యాంకు ఎంతో నోటికి తిరగదు కానీ, తండాలో కనిపించినవాళ్లందరినీ ఆపి, బిడ్డ ఇంజనీరు అవుతుందని చెప్పేసింది. ప్రేమలతకు అది సిగ్గుగానూ ఉంటుంది, లోపల్లోపల ఇష్టంగానూ ఉంటుంది.

రెండో వంతుకు కూర్చున్నప్పుడు సరిగ్గా వెనక నుంచి నాగేశ్వరమ్మ మేడం చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. ప్రేమలత చేయి తొట్రుపడింది. ఎఫ్, జి కొట్టింది. పక్కన ఒకటి కొట్టడం మరిచిపోయి ఎంటర్ నొక్కేసింది. నంబరు వేయకపోతే ఆ కంప్యూటర్ చివరగా ఆగినదాన్ని లేపుతుంది. చివరగా ఆగింది సింధుజది.

చూడగానే తెలియదా అంటే, తెలియదు. పండరి సార్ రికార్డు పుస్తకంలో ప్రతి ప్రోగ్రామూ డిక్టేషన్ చెప్పి రాయించాడు. క్లాసు క్లాసంతా అవే మాటలు, అవే పేర్లు, అవే ఖాళీలు. ఇరవై రెండు మంది రాసింది పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా ఎవరిదేదో చెప్పలేదు. రాసినవాళ్ల పేరు మొదటి లైనులో ఉంటుంది, తెర మీద పన్నెండు లైన్లే పడతాయి కాబట్టి అది పైకి జరిగిపోయి కనబడటం లేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. లోపలి లూప్, అంటే మార్కుల్ని పదేపదే పోల్చే భాగం, మొదలయ్యే పదహారో లైను దగ్గరే రాత ఆగి ఉంది. 'పదిహేడోది వేసిన గదా!' అని ప్రేమలత ఒక్క క్షణం అనుమానపడింది. ఉత్తదే, మనసులో అనుకొని ఉంటానులే అని సర్దిచెప్పుకొని, ఆ లైను మళ్లీ కొట్టింది. ఇక చేయి ఆగలేదు. సార్ నేర్పినట్టే ఒక్కో లైనుకూ ఎస్కేప్ కొడుతూ, సరిచూసుకుంటూ, చివరిదాకా రాసి సేవ్ చేసింది. వంతు అయిపోవడానికి ఇంకా అయిదు నిమిషాలున్నాయి. హమ్మయ్య అనుకుంది.

"పైకి జరుపు," అంది వెనక నుంచి మేడం.

ప్రేమలత పేజీని పైకి జరిపింది. మొదటి లైను కనబడింది. అక్కడ సింధుజ పేరు ఉంది.

ఆమె ఆ పేరును రెండుసార్లు చదివింది.

"నీ పేరేంటి?"

"ప్రేమలత మేడం."

"మరి సింధుజ ఎవరు?"

వెనక బల్ల దగ్గర సింధుజ తలెత్తి లేచి నిలబడింది. ల్యాబు మొత్తం కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"ఆమె పరీక్ష నువ్వు రాస్తున్నవా?" నాగేశ్వరమ్మ మేడం గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ప్రేమలతకు. "పండరి గారూ, మాల్‌ప్రాక్టీస్ ఫారం తెప్పించండి. ఇద్దరికీ."

ఆ ఫారం నిండితే ఈ సెమిస్టర్ పరీక్షలన్నీ రద్దు. డిప్లొమా వచ్చే ఏడాదికి. సీటు మాత్రం వచ్చే ఏడాదిదాకా ఎవరికోసమూ ఆగదు. ఇదంతా ప్రేమలతకు ఒక్క గుక్కలో అర్థమైంది.

"మేడం, నేను నాదనుకొని రాసిన. పొరపాటున ఈమెది తెరుచుకున్నది," అంది.

"ఎట్ల తెరుచుకుంటది? ఆమె లాగిన్‌లో ఉంటది గదా ఆమెది?"

ప్రేమలత పండరి సార్ వైపు చూసింది. ఒక్క మాట చెప్తే చాలు. మేమే ఒక్క లాగిన్‌లో ఇద్దరినీ కూర్చోబెడతాం, ఆపి లేపుతాం, అందుకే కలిసిపోయింది అని చెప్తే చాలు. పండరి సార్ చూపు కిటికీ దాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. తర్వాత గబగబా వచ్చి ప్రేమలత భుజం మీంచి వంగి, "ఫైలు సేవ్ అయ్యే ఉంది మేడం, సాక్ష్యానికి సరిపోతది. ఇగ సిస్టం బంద్ చేస్త," అన్నాడు. ఎస్కేప్, కంట్రోల్ జెడ్ కొట్టి పేజీని తప్పించి, బయటికి పోయే మాట టైప్ చేసి ఎంటర్ నొక్కాడు.

కంప్యూటర్ బయటికి పోలేదు. ఆగి ఉన్న పనులున్నాయని ఇంగ్లీషులో ఒక్క లైను చూపించి నిలబడింది. అది ఒక్కసారే హెచ్చరిస్తుంది. రెండోసారి కొడితే ఇక అడగదు, లోపల ఆగి ఉన్నవాటన్నిటినీ చంపేసి వెళ్లిపోతుంది. సేవ్ చేసిన అక్షరాలు మిగులుతాయి. అవి ఏ వరసలో, ఎన్ని తప్పులు దిద్దుకుంటూ రాశారన్నది మిగలదు. పండరి సార్ వేలు మళ్లీ కీబోర్డు మీదికి వెళ్లింది.

"సార్!" ప్రేమలత ఆయన చేయి పట్టుకుంది. మూడేళ్లలో సార్ ముందు గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల. "ఇంకోపారి కొట్టకుండ్రి సార్. కొడితే నా బతుకు పోతది."

"చెయ్యి ఇడువు," అన్నాడు ఆయన, తెల్లబోయిన ముఖంతో.

"ఆగండి," అంది నాగేశ్వరమ్మ మేడం. ముందుకొచ్చి కళ్లజోడు సర్దుకొని ఆ లైను చదివింది. "ఆగి ఉన్న పనులేంటివి? చూపించు అమ్మాయ్."

ఆగి ఉన్నవాటి పట్టీ చూపించమని కంప్యూటర్‌కు కొట్టింది ప్రేమలత. ఒకటి, రెండు అని వరసగా వచ్చాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో ఫైలు పేరు. మేడం ఆ రెండు లైన్లూ చూసి, తర్వాత పండరి సార్‌ను చూసింది. ఆయన మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"ఒక్క లాగిన్‌లో ఇద్దరా?"

"కంప్యూటర్లు సాల్తలేవు మేడం," అని గొణిగాడు.

"మీ సంగతి తర్వాత మాట్లాడుత." మేడం ప్రేమలత వైపు తిరిగింది. "నీది పొరపాటే అని నేనెట్ల నమ్మాలె?"

ప్రేమలతకు అప్పుడు గుర్తొచ్చింది. ప్రోగ్రాం చివర రాసినవాళ్ల పేరు తెర మీద పడేలా ఒక లైను రాయడం వాళ్ల క్లాసు అలవాటు. రెండో నంబరు లేపి, పేజీని అడుగుదాకా తీసుకెళ్లింది. కింద ప్రేమలత అని ఉంది. "సూడుండ్రి మేడం, నా పేరే రాసుకున్న. ఆమెకోసం రాస్తే నా పేరెందుకు పెడ్త?"

గెలిచాననుకుంది పిచ్చిపిల్ల.

మేడం ఆ పేరు చూసింది. తర్వాత ఒకటో నంబరు తెరవమంది. ప్రేమలత సొంత పేజీ వచ్చింది, పదిహేడు లైన్లతో, సగంలో. మేడం దాన్నీ చూసి తల పంకించింది.

"నీది సగంలోనే ఉంది. ఆమెది పూర్తయింది. పూర్తయినదాన్ని తెరిచి కింద నీ పేరు పెట్టుకున్నవ్. పైన పేరు మార్చేలోపు నేనొచ్చిన. అట్ల కూడా అయ్యుండొచ్చు గదా?"

ఇందాక సాయం చేసిందన్నారు, ఇప్పుడు దొంగ అంటున్నారు. ప్రేమలతకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. తన తెలివితో, తన వేళ్లతో రాసినదాన్ని, నీది కాదంటే ఎట్లా? అది ఎవరి మీద కోపమో ఆమెకే తెలియలేదు.

"మేడం, యూ నొక్కితే రాసింది ఒక్కో లైను వెనక్కి పోతది," అంది చివరికి. "నేను రాసిందంతా వెనక్కి తీస్త. ఆమె ఆపిన చోటు కాడ ఆపుత."

"అది నువ్వు ఎక్కడైనా ఆపొచ్చు. ఎక్కడిదాకా ఆమెదో దీనికి తెలుస్తదా?"

తెలియదు. ప్రోగ్రాం రాసుకునే ఆ పాత ఎడిటర్‌కు ఎవరి వేళ్లు ఎవరివో, ఏ లైను ఎప్పుడు పడిందో రాసిపెట్టుకునే తెలివి లేదు. ఆ గదిలో అది తెలిసినవాళ్లు ఇద్దరే.

మేడం సింధుజను పిలిచింది. తెరకు వీపు పెట్టి కూర్చోమంది. ఒక తెల్ల కాగితం ఇచ్చింది. "నీ వంతు అయిపోయినప్పుడు నువ్వు చివరగా కొట్టిన లైను ఏదో దీని మీద రాయి. పూర్తి చేసి ఉంటే పూర్తి చేసిన అని రాయి. ఎవరితోనూ మాట్లాడకు."

సింధుజ పెన్ను తీసింది. ప్రేమలతకు ఆమె జడ, వంగిన మెడ మాత్రమే కనబడుతున్నాయి. సింధుజకు పేర్చే ప్రోగ్రాం ఎప్పుడూ ఒంటబట్టలేదని క్లాసులో అందరికీ తెలుసు. నిరుడు ప్రాక్టికల్ కూడా ఇట్లాంటి ప్రోగ్రాం దగ్గరే ఒకసారి తప్పింది. ఇప్పుడు ఆమె వెనక, ఆమె పేరుతోనే, పూర్తయిన ప్రోగ్రాం ఒకటి సిద్ధంగా ఉంది. 'పూర్తి చేసిన' అని రాస్తే చాలు, అది ఆమెదవుతుంది. ప్రేమలత దొంగవుతుంది.

"సోచాయించి రాయి బిడ్డా," అన్నాడు పండరి సార్, ఊరుకోలేక. ఆయన సింధుజ తండ్రిని బావా అని పిలుస్తాడు. "నీది నువ్వే రాసుకున్నవ్ గదా. ఫికర్ పడకు."

"మీరు బయట నిలబడండి," అంది మేడం. ఆయన గుమ్మం దాకా వెళ్లాడు.

సింధుజ పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ప్రేమలత ఆమె మెడ మీది చెమట చుక్కను చూస్తూ నిలబడింది. రాయవే తల్లీ అని లోపల బతిమాలుకుంది. మరుక్షణమే, దాని జాగాలో నేనుంటే రాస్తానా అనుకుంది. ఏమో, చెప్పలేకపోయింది. ఆ చెప్పలేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పెన్ను కదిలింది. నాలుగు మాటలు రాసి, కాగితం మడిచి మేడం చేతికిచ్చింది. ఎవరివైపూ చూడలేదు.

"ఇప్పుడు వెనక్కి తియ్యి," అంది మేడం.

ప్రేమలత రెండో నంబరు లేపింది. యూ నొక్కింది. అన్నిటికంటే ముందు తన పేరున్న లైనే పోయింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి. అరగంట రాసింది నిమిషంలో కరిగిపోతోంది. మధ్యలో తాను దిద్దుకున్న తప్పులు కూడా మళ్లీ పైకొచ్చి, తప్పుగానే కనబడి, మళ్లీ పోయాయి. మేడం ఒక్కోదాన్నీ వంగి చూస్తోంది. పేర్చే లైన్లు పోయాయి. అటు ఇటు మార్చే లైన్లు పోయాయి. పదిహేడోది ఒక్కటే మిగిలింది, తాను అనుమానపడుతూ మళ్లీ కొట్టినది. దాన్నీ తీసేసి, చేయి వెనక్కి తీసుకుంది.

"ఇక్కడ మేడం. లోపలి లూప్ మొదలైన లైనుదాకా ఆమెది. మిగిలింది నేను రాసిన."

మేడం మడత విప్పి చదివింది. మళ్లీ తెర చూసింది. కాగితాన్ని ప్రేమలత వైపు తిప్పింది. సింధుజ గుండ్రటి అక్షరాలు. 'లోపలి లూప్ మొదలుపెట్టిన. తర్వాత రాలేదు.'

ప్రేమలత రెండు చేతులతో బల్ల పట్టుకుంది.

మేడం ఫారాన్ని నిలువునా చింపి తన సంచిలో వేసుకుంది. గడియారం చూసింది. "పన్నెండున్నర. ఇంక ఇరవై నిమిషాలే ఉంది. నీకు పది, ఆమెకు పది. ఎవరిది వాళ్లే. ఒక్క మాట ఇటు నుంచి అటు పోయిందంటే ఫారం ఇంకోటి ఉంది నా దగ్గర." గుమ్మం వైపు తిరిగి, "పండరి గారూ, మీ మీద రిపోర్టు నేను రాస్త," అంది.

సింధుజది వెనక్కి తీసినట్టే సేవ్ చేసి, ఆపి, ప్రేమలత ఒకటో నంబరు లేపింది. ఈసారి ఎఫ్, జి తర్వాత ఒకటి ఎంత గట్టిగా నొక్కిందంటే కీ లోపలికి ఇరుక్కుంటుందేమో అనిపించింది. ఇప్పుడే ఒకసారి రాసి చెరిపినది కాబట్టి వేళ్లకు దారి తెలుసు. అయినా తొందరలో మూడు చోట్ల తప్పుకొట్టి, మూడు చోట్లా దిద్దుకుంది. ఎనిమిదో నిమిషంలో నడిపించింది. మార్కులు పెద్ద నుంచి చిన్నకు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. మేడం చూసి, తన కాగితం మీద ఆమె పేరుకెదురుగా మార్కులు వేసింది. ఆ అంకె ప్రేమలతకు తలకిందులుగా కనబడింది. చాలు, చాలా చాలు. ఇంటికెళ్లి అమ్మను గట్టిగా పట్టుకోవాలనిపించింది.

లేచి కుర్చీ ఇచ్చింది. సింధుజ వచ్చి కూర్చుంది. ముఖాలు ఎదురయ్యాయి. థాంక్స్ అనే మాట ఎంత చిన్నదో ప్రేమలతకు అప్పుడే తెలిసింది. అదైనా అనడానికి లేదు. మేడం పక్కనే ఉంది.

సింధుజ తన పేజీ లేపింది. పదహారు లైన్లు. పదిహేడో దగ్గర కర్సర్ కొట్టుకుంటోంది. ఒక మాట కొట్టింది, చెరిపింది. ఇంకో మాట కొట్టింది. అదీ తప్పే. ప్రేమలత ఆమె వెనకే, వెనక బల్ల దగ్గర నిలబడి ఉంది. పదిహేడు నుంచి చివరిదాకా ప్రతి లైనూ, ప్రతి చుక్కా ఆమె నాలుక చివర ఉంది. ఇవాళ రెండుసార్లు రాసింది. ఒక్క మాట అందిస్తే సింధుజ అల్లుకుపోతుంది. ఆ ఒక్క మాటతో సింధుజ కాపాడినదంతా కూడా పోతుంది.

"ఏడు నిమిషాలు," అంది మేడం.

సింధుజ వెనక్కి తిరగలేదు. అడగలేదు. అడుగుతుందేమోనని ప్రేమలత భయపడింది, అడగనందుకు మరీ ఏడుపొచ్చింది. పరీక్ష ముగిసేదాకా పెదవులు పళ్ల కింద బిగించి, అట్లాగే నిలబడింది.